పదిహేను చుక్కల్లో ఒకటి

జూలై 9, బుధవారం

పేపరు మానేసి రెండు నెలలు. ఇవాళ కూడా ఆరింటికే లేచి చొక్కా వేసుకున్నాను. గుండీలు పెట్టుకున్నాక, వెళ్లాల్సిన చోటు లేదని గుర్తొచ్చింది. ఈ నోటుబుక్కు అందుకే. ఇరవై ఏడేళ్లు రోజుకో వార్త రాసిన చెయ్యి ఊరికే ఉండదు. ఇందులో కత్తిరించేవాడు లేడు, అచ్చు వేసేవాడూ లేడు.

వార్త ఒకటే. ఈ నెల 31న సోమ్లా బావ రిటైర్మెంట్. బొగ్గుబాయి నుంచి ఇంటిదాకా జీపు, డీజే, దండలు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక్క వీధి. నా భార్య ద్వాలి పొద్దున అన్న ఇంటికి వెళ్లి వచ్చి, బియ్యం చెరుగుతూ చెప్పింది.

"నువ్వు వస్తే దండ ఏసుకోనంటున్నడు మా అన్న."

"నువ్వేమన్నవ్?"

"మా ఆయన రాకపోతే నేనూ రానన్న. ఇగ ఎట్ల చేస్తరో మీరే చూసుకోండ్రి."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. ఉన్న ఒక్క చెల్లెలు రాకుండా ఆయన జీపు ఎక్కడు. ఆయన జీపు ఎక్కకపోతే ముప్ఫై ఆరేళ్ల సర్వీసు ఆటోలో ఇంటికొస్తుంది.

పదిహేడేళ్లుగా మేమిద్దరం మాట్లాడుకోం. పగ అనేంత పెద్ద మాట కాదు. మాటలన్నీ ద్వాలి మీదుగా నడుస్తాయి, అంతే. నేను బైకు మీద కూర్చుని ఉంటే, నా పక్కనే నిలబడి, లోపలున్న ఆమెకు చెబుతాడు: "మీ ఆయన బండి టైర్ల గాలి తక్కువున్నదని చెప్పు." ఆమె ఇంట్లో లేని రోజు టైరు అలాగే ఉంటుంది.

జూలై 10

కటింగుల అట్టపెట్టె దించాను. 2008 ఫిబ్రవరి 18, జిల్లా పేజీ, అడుగున.

"ములకలపల్లిలో జరిగిన క్రికెట్ టోర్నీ ఫైనల్‌లో ఆఖరి బంతికి రెండు పరుగులు కావాల్సి ఉండగా, ఒక పరుగు పూర్తి చేసిన ఇల్లందు కెప్టెన్ సోమ్లా, రెండో పరుగుకు బద్ధకంగా పరిగెత్తి రనౌట్ అయ్యాడు. స్కోర్లు సమం కావడంతో టాస్ వేయగా కప్పు వేంసూరు జట్టుకు దక్కింది."

తప్పేముంది ఇందులో? స్కోరు సరైనదే. టాస్ సరైనదే. అంపైరు వేలెత్తాడు. నేను స్కోరర్ బల్ల పక్కన కూర్చుని చూశాను.

అయితే ఆ 'బద్ధకంగా' అన్న మాట మర్నాడు ఉదయం షిఫ్టుతో పాటు బాయిలోకి దిగింది, ఇప్పటిదాకా పైకి రాలేదు. బద్ధకం సోమ్లా. బాయిలో నలుగురు సోమ్లాలున్నారు. ఏ సోమ్లా అని అడిగితే జనం చెప్పే గుర్తు అది. ఒకసారి ఆయన ఇంటి గోడ అవతలి నుంచి కరెంటు బిల్లు ఇచ్చే మనిషి కూడా అలాగే పిలిచాడని ద్వాలి చెప్పింది.

జూలై 12, శనివారం

వేంసూరు నుంచి మురళీకృష్ణ ఫోన్ చేశాడు. ఆ రోజు బంతి విసిరి వికెట్లు పడగొట్టింది అతనే. అప్పుడు ఇంటర్ ఫెయిలై ఖాళీగా ఉన్నవాడు. ఇప్పుడు ముప్ఫై ఎకరాల ఆయిల్ పామ్ చూసుకుంటున్నాడు, పొట్ట వచ్చింది, పొలంలో బురద అంటుతుందని కాలవ దాటడు. అది వేరే సంగతి.

గేమ్ కన్సోల్ కొన్నాడట. పిల్లల కోసం అన్నాడు. వెనక నుంచి అతని భార్య రాజ్యశ్రీ గొంతు వినిపించింది: "ఏ పిల్లలండీ? ఇద్దరూ హైదరాబాద్ హాస్టల్లో ఉన్నారు." అతను ఆ మాట వినపడనట్టే కొనసాగించాడు. ఆ కన్సోల్‌లో ఆటలే కాదు, పాత డీవీడీలూ ఆడతాయట. పాత బొమ్మ చిన్నది, కొత్త టీవీ పెద్దది. బొమ్మను టీవీకి సరిపోయేలా పెంచి, మధ్యలో పడే ఖాళీలను తానే నింపుతుందట. అప్‌స్కేలింగ్ అంటారన్నాడు. వాళ్ల పెళ్లి డీవీడీ పెట్టి చూస్తే మామగారి చేతి గడియారంలో టైము కనిపించిందట.

"హరిలాలన్నా, ఆ ఆఖరి బంతి డిస్కు దొరికితే తేలిపోద్ది. పదిహేడేళ్లయింది, నాకూ అనుమానమే. కొట్టానో లేదో తెలీకుండా ఎన్నాళ్లు ఉండమంటారు?"

సోమ్లా బావకు అప్పటికే ఫోన్ చేశాడట. ఆయన ఒక్క మాట అన్నాడట: "పెట్టు." ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం.

గీత దాటాడని తేలితే బద్ధకం అన్న పేరు పోతుందని బావ ఆశ. దాటలేదని తేలితే ఆయన నన్ను ఏమీ అనలేడు, దండ వేసుకుంటాడు, ద్వాలి వెళుతుంది. నాకేం బెంగ లేదు. నేను చూసిందే రాశాను.

జూలై 13

డీవీడీ బాబూరావు దగ్గరుంది. ఇల్లందు బస్టాండు వెనక ఫొటో స్టూడియో. ఆ రోజుల్లో ఈ మూడు మండలాల పెళ్లిళ్లన్నీ తీసింది బాబూరావే. టోర్నీ కూడా అతనే తీశాడు. అట్ట మీద "సోమ్లా ఫైనల్" అని రాసి భద్రంగా ఉంచాడు. మిర్చి బజ్జీలు తెప్పించాడు. నేను తీసుకోలేదు. గ్యాస్ ట్రబుల్. అసలు నేను మొదటి నుంచీ బజ్జీల మనిషిని కాను.

తన వ్యానులో తీసుకెళతానన్నాడు. తన బొమ్మ పెద్ద తెర మీద ఎలా ఉంటుందో చూసుకోవాలని అతనికీ ఉంది.

సవరణ: నిన్నటి పేజీలో మురళీకృష్ణకు ముప్ఫై ఎకరాలని రాశాను. బాబూరావు చెప్పిన ప్రకారం ఇరవై రెండు. మిగతా ఎనిమిది అతని అన్నవి.

జూలై 15

ఆ ఆఖరి బంతిని నేను టెంటు పక్కన నిలబడి చూశాను.

జూలై 16

లెక్క చూశాను. డీవీడీలో ఒక్కో బొమ్మ అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576. మొత్తం 4,14,720. మురళీకృష్ణ టీవీలో 82,94,400. సరిగ్గా ఇరవై రెట్లు. అంటే తెర మీది ప్రతి ఇరవై చుక్కల్లో ఒకదానికి సరిపడా సరుకే డిస్కులో ఉంది. పంతొమ్మిది మిషను ఊహ. పక్క చుక్కలు చూసి, మధ్యలో ఏముండాలో అనుకుని పెడుతుంది.

డెస్కులో ఈ పని చేసే సబ్ ఎడిటర్లను చూశాను. నేను నాలుగు లైన్లు పంపితే నలభై లైన్లు వచ్చేవి.

ద్వాలికి ఈ లెక్క చెప్పాను. "ఇరవైల ఒకటే నిజమైతే గంత దూరం పోవుడెందుకు?" అంది. ఆ ఒక్కటి ఎక్కడుందో చూడ్డానికి అన్నాను.

జూలై 18

బాబూరావు దగ్గర్నుంచి డిస్కు తెచ్చి మా ఇంట్లో పాత డబ్బా టీవీకి పాత ప్లేయర్ తగిలించి చూశాను. ఆఖరి బంతి మూడుసార్లు. గీత దగ్గర సున్నం, దుమ్ము, బ్యాటు కలిసి ఒకటే మరక. కుడి అంచున టెంటు తాడు. అంతకు మించి ఏమీ తెలియలేదు.

నేను టెంటు దగ్గర్లోనే ఉన్నాను. అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది.

జూలై 20, ఆదివారం

వరుసగా రాయాలి.

ఏడింటికి బయలుదేరాం. బాబూరావు డ్రైవింగ్. ముందు సీట్లో అతని కెమెరా సంచి, దించడానికి ఒప్పుకోలేదు. వెనక సీట్లో ఆ చివర సోమ్లా బావ, ఈ చివర నేను, మధ్యలో ద్వాలి. కొత్తగూడెం దాటేలోపే ఆమె చేత ఎనిమిది మాటలు మోయించాం. అద్దం దించమను. వాన పడుతుందేమో మీ అన్నను అడుగు. పడితే పడనీ అని చెప్పు.

పాల్వంచ దాటాక అడవి దారి. వాన వెలిసి రోడ్డు మీద ఆవిరి లేస్తోంది. ములకలపల్లి గ్రౌండు దగ్గర బావ బండి ఆపించాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా దిగి నడిచాడు. గడ్డి మోకాళ్ల దాకా ఉంది. పాత సిమెంటు పిచ్ ముక్క ఒకటి కాలికి తగిలితే అక్కడ నిలబడ్డాడు. అరవై ఒక్కేళ్ల మనిషి. చెప్పులు విడిచి నిలబడ్డాడు.

టెంటు ఎక్కడుండేదని ద్వాలి అడిగితే బాబూరావు వేప చెట్టు చూపించాడు. స్కోరర్ బల్ల టెంటు ముందు.

"నువ్వెక్కడున్నవ్ మరి?" అంది నాతో.

టెంటు పక్కన ఒక చోటు చూపించాను.

"గాడికెళ్లి చూస్తే టెంటు అడ్డం రాదా?"

కొంచెం పక్కకు జరిగానని చెప్పాను. ఆమె నా మొహం చూసి వ్యాను వైపు నడిచింది. నాతో ముప్ఫై రెండేళ్లు కాపురం చేసిన మనిషి. మంత్రుల ప్రెస్ మీట్లలో నాకు రాని ప్రశ్నలు ఈమెకు వస్తాయి.

వేంసూరు చేరేసరికి పదకొండు. మురళీకృష్ణ సోఫాలు టీవీకి ఎదురుగా వరుసగా వేయించాడు, సినిమా హాల్లోలా. కన్సోల్ రెండు ఇటుకలు నిలబెట్టినంత ఉంది. ముందు తన ఆట చూపిస్తానన్నాడు. అడవిలో కారు తోలే ఆట. ఆపి, దగ్గరికి పిలిచి, ఒక చెట్టు చూపించాడు. ఆటను కూడా మిషను ముందు చిన్నగా గీస్తుందట, తర్వాత పెంచి ఆకులన్నీ నింపుతుందట. మొత్తం పెద్దగా గీయాలంటే ఆయాసపడుతుందట.

సోమ్లా బావ కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు.

"ఏం చెట్టు తమ్మీ ఇది?"

మురళీకృష్ణకు తెలియదు. "చెట్టే అన్నా. ఆట చెట్టు."

"చెట్టు పేరు తెల్వకుండనే ఆకులు పెట్టిందా?"

బాబూరావు నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగాను. ఆయన మాటకు నేను నవ్వి పదిహేడేళ్లు.

డిస్కు పెట్టారు. తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయి, పాత బొమ్మ నలుచదరానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి. (సవరణ: ఇరవై రెట్లు కాదు, పట్టీలు పోను పదిహేను.) మొదలవుతూనే రోజా రేకులు రాలాయి. తర్వాత రెండు జట్ల పేర్లు. వేంసూరు జట్టు మీద "వరుని తరఫు" అని, ఇల్లందు జట్టు మీద "వధువు తరఫు" అని బంగారు అక్షరాలు. పెళ్లి టైటిళ్లలో పేర్లు మార్చి, పైది మార్చడం బాబూరావు మరిచాడు. చిన్న టీవీలో ఎవరూ చదవలేదు. ఇప్పుడు ఒక్కో అక్షరం జానెడుంది.

"మేము ఆడపిల్లోళ్లమా?" అన్నాడు బావ.

"అందుకే ఓడిపోయిండ్రు," అంది ద్వాలి.

ఫోరు కొట్టిన ప్రతిసారీ పూలు. వికెట్ పడితే పూలు. ఆఖరి బంతికి మాత్రం లేవు. అది ఎవరికి శుభమో తేల్చుకోలేక వదిలేశానన్నాడు బాబూరావు. ఆ ఒక్కచోట అతని వృత్తి ధర్మాన్ని మెచ్చుకోవాలి.

ఆఖరి బంతి. నిజమే, మా డబ్బా టీవీ బొమ్మకూ దీనికీ పోలిక లేదు. గడ్డి గడ్డిలా ఉంది. సున్నపు గీత తెల్లగా, తాడు లాగినట్టు తిన్నగా ఉంది. ఆ గ్రౌండులో ఆ రోజు అంత తిన్నని గీత లేదు, చేత్తో సున్నం చల్లారు. మురళీకృష్ణ ఒక్కో బొమ్మా ఆపుతూ జరిపాడు. ఒక బొమ్మలో బంతి వికెట్లకు మూరెడు దూరంలో ఉంది, బ్యాటు గీతకు ఇవతల. తర్వాతి బొమ్మలో బెయిల్సు గాల్లో, బ్యాటు గీతకు అవతల. మధ్యలో బొమ్మ లేదు. సెకనుకు ఇరవై ఐదు బొమ్మలే తీస్తుంది ఆ కెమెరా. ఆ రెండింటి మధ్య జరిగింది కెమెరా చూడలేదు. కెమెరా చూడనిది మిషను ఎంత పెంచినా రాదు.

మురళీకృష్ణ వెనక్కి, ముందుకి నాలుగుసార్లు తిప్పాడు. తర్వాత రిమోటు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, "నాటౌటే అన్నా ఇది," అన్నాడు.

బావ ఒప్పుకోలేదు. "ధర్మం చేయకు తమ్మీ. నాకు నీ మాట అక్కర లేదు, గీత కావాలె. మళ్ల పెట్టు."

మళ్లీ పెట్టాడు. అప్పుడు రాజ్యశ్రీ పునుగుల పళ్లెం తెచ్చింది. ఆమెకు క్రికెట్ తెలియదు. బ్యాటు ఎక్కడ చూడాలో, గీత ఎక్కడ చూడాలో తెలియదు. అందుకని బొమ్మంతా చూసింది.

"అన్నయ్యగారూ, ఆ చివర చారల చొక్కా ఆయన మీరే కదండీ?"

కుడి అంచున, టెంటు తాడుకు అవతల, నల్ల పట్టీకి ఆనుకుని ఒక మనిషి. మొహం సగం కనిపిస్తోంది. జుట్టు నల్లగా ఉంది. చంకలో నోటుబుక్కు. ముందు బజ్జీల బండి, మూకుడు నుంచి పొగ.

"అందరూ అటు చూస్తుంటే మీరు ఇటు తిరిగున్నారేంటి?"

ద్వాలి టీవీ దగ్గరికి వెళ్లింది. చొక్కా కొన్నది ఆమే. చేతిలో పొట్లం ఉందని చెప్పింది. ఎవరూ అడగలేదు, అయినా చెప్పింది.

పాత డబ్బా టీవీలు బొమ్మ అంచుల్ని నాలుగు వైపులా కొంచెం మింగేస్తాయని బాబూరావు వివరించాడు. ఈ కన్సోల్ డిస్కులో ఉన్నదంతా చూపిస్తుంది. ఆ చారల చొక్కా మిషను ఊహ కాదు. పదిహేడేళ్లుగా డిస్కులోనే ఉంది. వివరణ సాంకేతికంగా సరైనది. నేను వినయంగా విన్నాను.

సోమ్లా బావ తెర మీది చారల చొక్కాను చూశాడు. తర్వాత ద్వాలి వైపు తిరిగాడు.

"అడుగు మీ ఆయనను. చూడనోనికి బద్ధకం ఎట్ల కనపడ్డది?"

ద్వాలి అడగలేదు.

"నాకు చెప్పకు అన్నా. ఆయన గాడ్నే ఉన్నడు కదా."

బావ నన్ను అడగలేదు. పునుగులు చల్లారిపోయాయి. తిరుగు ప్రయాణంలో ద్వాలి ముందు సీట్లో కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా మధ్య ఒక మనిషి కూర్చునేంత ఖాళీ. నూట పది కిలోమీటర్లు.

జూలై 21

సవరణ: నూట ఎనిమిది.

జూలై 23

బజ్జీల బండి ముసలాయన పేరు గుర్తులేదు. వాము ఎక్కువ వేసేవాడు. ఆఖరి ఓవర్ మొదలైనప్పుడు వాయ దిగింది, చల్లారితే బాగుండవని వెళ్లాను. ఓవర్‌కు ఆరు బంతులుంటాయి, సరిపోతుందనుకున్నాను. అరుపులు విని తిరిగేసరికి అయిపోయింది. ఏమైందని పక్కనున్న వేంసూరు కుర్రాణ్ని అడిగాను. "బద్ధకం అండీ, ఇంకేముంది," అన్నాడు. గెలిచిన జట్టు వాడు ఇంకేమంటాడు. రాసుకున్నాను. బస్సుకు టైమైంది.

ఇది ఇన్నాళ్లూ తెలియక కాదు. తెలుసు. బాగా తెలిసిన దాన్ని ఎలా మరిచిపోవాలో కూడా తెలుసు. స్కోరర్ బల్ల పక్కన, టెంటు పక్కన, టెంటు దగ్గర. ఈ పుస్తకంలోనే పది రోజుల్లో మూడు చోట్ల ఉన్నాను.

ఇంకో సంగతి. మా డబ్బా టీవీలో మళ్లీ పెట్టి చూశాను. ఈసారి గీతను చూడలేదు, మనిషిని చూశాను. నలభై నాలుగేళ్ల మనిషి. మొదటి పరుగు పూర్తి చేసి, తిరిగి, మళ్లీ పరిగెత్తాడు. టోపీ పడిపోయింది, ఆగలేదు. చివరి రెండు గజాలు బ్యాటు చాచి బొక్కబోర్లా పడ్డాడు. మోచేయి చీరుకుంది. దీనికి పెద్ద తెర అక్కర్లేదు. పదిహేను చుక్కలూ అక్కర్లేదు. ఉన్న ఒక్క చుక్క చాలు.

జూలై 25

యూనియన్ కోటేష్ వచ్చాడు. రిటైర్మెంట్లన్నీ అతనే చూస్తాడు. సన్మాన పత్రం రాసిపెట్టమన్నాడు. మా దగ్గర సన్మాన పత్రం అంటే బంగారు అంచు అట్ట, లోపల ముప్ఫై విశేషణాలు. స్నేహశీలి, మృదుభాషి, కార్మిక లోక కిరీటం. ప్రెస్సులో ఒక అచ్చు సిద్ధంగా ఉంటుంది, పేరు ఒక్కటే మారుస్తారు. పోయిన నెల ఒకాయన పత్రంలో పేరు మార్చడం మరిచి, అంతకు ముందు రిటైరైన ఆయన్ను రెండోసారి పొగిడారు.

సోమ్లా బావ ఒప్పుకోడని చెప్పాను. "ద్వాలక్కే పంపింది," అన్నాడు. లోపల గిన్నెల చప్పుడు కొంచెం ఎక్కువైంది.

నాకు విశేషణాలు వద్దు, హాజరు పట్టీ ఉంటే ఇవ్వమన్నాను. ఆశ్చర్యపోయి, సాయంత్రానికి కాగితం తెచ్చాడు.

2006లో నాగాలు తొమ్మిది. 2007లో పదకొండు. 2008 జనవరి, ఫిబ్రవరిలో రెండు.

2008 మార్చి నుంచి ఒక్కటీ లేదు. సెలవు పెట్టిన రోజులున్నాయి. చెప్పకుండా మానేసిన రోజు లేదు. పదిహేడేళ్ల నాలుగు నెలలు.

కాగితం రెండుసార్లు లెక్కపెట్టాను. మూడోసారి అవసరం లేకపోయింది.

జూలై 26

ద్వాలి నాతో మామూలుగానే మాట్లాడుతోంది. సోమ్లా బావతో మామూలుగానే మాట్లాడుతోంది. ఒకరి మాట ఇంకొకరికి మాత్రం మోయడం లేదు. ఆవిడ సమ్మె వారం రోజులకు చేరింది. బైకు ముందు టైరు గాలి పోయి నేలకు అతుక్కుంది.

జూలై 29

రాశాను. పదకొండు లైన్లు. ద్వాలికి చదివి వినిపించాను. మొత్తం విని, "నీ గురించి ఎక్కువ రాసుకున్నవ్, మా అన్న గురించి తక్కువున్నది," అంది. నిజమే. ఏడు లైన్లకు తగ్గించాను. ఇరవై ఏడేళ్లలో నన్ను ఇంత బాగా ఎవరూ ఎడిట్ చేయలేదు.

జూలై 31, గురువారం

ఒంటిగంటకు జీపు వచ్చింది. ముందు డీజే. సోమ్లా బావ తెల్లబట్టల్లో నిలబడి ఉన్నాడు, మెడలో చెవుల దాకా దండలు. షామియానా దగ్గర నేను అట్ట పట్టుకుని నిలబడటం చూశాడు. చెయ్యి దండ మీదికి వెళ్లింది. తీయబోయాడు. ద్వాలి వైపు చూశాడు. ఆమె అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది, అక్కడ ఎవరూ లేరు. చెయ్యి దించాడు. దండ ఉంది.

కోటేష్ మైకు ఇచ్చాడు. చదివాను. ఇక్కడ యథాతథంగా:

"సవరణ. 2008 ఫిబ్రవరి 18న ప్రచురితమైన ములకలపల్లి ఫైనల్ వార్తలో సోమ్లా బద్ధకంగా పరిగెత్తాడని రాయడం తప్పు. వార్త రాసిన హరిలాల్ ఆ సమయంలో మైదానానికి వీపు పెట్టి మిర్చి బజ్జీలు తింటున్నాడు. వీడియోలో సోమ్లా రెండు పరుగులూ పూర్తి వేగంతో పరిగెత్తి, చివర డైవ్ చేసినట్టు స్పష్టంగా ఉంది. ఆయన గీత దాటిందీ లేనిదీ తెలియదు. ఆ మరుసటి నెల నుంచి నేటి వరకు సోమ్లా డ్యూటీకి నాగా పెట్టిన రోజులు: సున్నా. తప్పుకు విచారిస్తున్నాను."

మిర్చి బజ్జీల దగ్గర జనం నవ్వారు. సున్నా దగ్గర నవ్వలేదు. వెనక వరుసలో ఎవరో పెద్దాయన చప్పట్లు మొదలుపెట్టాడు, అవి జీపు దాకా వెళ్లాయి. పత్రం అందించడానికి వెళితే బావ తీసుకోలేదు. నా చేతిలోని మైకు తీసుకున్నాడు.

ద్వాలి ఆయనకు రెండడుగుల దూరంలో ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు.

"బావా. ఎన్ని తిన్నవ్ ఆ రోజు?"

మైకులో అడిగాడు. ఊరంతా విన్నది.

నాలుగు అని నోటి చివర ఉంది. నాలుగైతే వినడానికి బాగుంటుంది, పొట్లానికి సాధారణంగా నాలుగే కడతారు, జనం మళ్లీ నవ్వుతారు.

"గుర్తులేదు," అన్నాను.

బావ ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తెర ముందు కళ్లద్దాలు తుడుచుకున్నాక చూసిన చూపు.

"గుర్తులేదని రాసుకో మరి," అన్నాడు. మెడలోంచి ఒక దండ తీసి నా మెడలో వేశాడు. తడి బంతిపూలు, చొక్కా కాలరంతా పసుపు. పత్రం తీసుకున్నాడు.

రాసుకుంటున్నాను: గుర్తులేదు.

ఆగస్టు 1

పొద్దున ఆరింటికి సోమ్లా బావ వచ్చాడు. డ్యూటీ లేదు, చొక్కా వేసుకున్నాడు. ద్వాలి లోపల పాలు కాస్తోంది. నేను గేటు దగ్గర ఉన్నాను. బండి టైరు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"గాలి లేదు బావా," అన్నాడు.